ఊరు పోయిన నగ

న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు కమ్మలు ఉన్నాయి. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దం నాటివని అక్కడ రాసి ఉంది. ఒక్కో కమ్మ మీద ఒక రెక్కల సింహం, ఒక ఏనుగు. వాటి ఒంటి నిండా ఇసుక రవ్వల్లాంటి బంగారు గుండ్లు అతికించారు. కమ్మలు ఎంత బరువంటే, పెట్టుకున్నవాళ్ల చెవితమ్మెలు సాగి అవి భుజాలకు ఆని ఉండాలి. క్రోనోస్ అనే ప్రైవేటు సేకరణ నుంచి 1981లో ఆ మ్యూజియానికి కానుకగా చేరాయి. ఎక్కడివి అన్న చోట మాత్రం 'బహుశా ఆంధ్రప్రదేశ్' అని ఉంటుంది.

ఈ 'బహుశా' ఎందుకు వచ్చింది? జగ్గయ్యపేట స్తూపం మీద చెక్కిన చక్రవర్తి చెవులకు ఇలాంటి బరువైన కమ్మలే ఉన్నాయి. జగ్గయ్యపేట పాత నల్లగొండ జిల్లా హద్దు దాటగానే వచ్చే ఊరు. రాతిలో ఉన్న కమ్మను చూసి బంగారు కమ్మకు ఊరు ఊహించవలసి వచ్చింది. ఏ చేనులో, ఏ కుండలో, ఎవరి పక్కన దొరికిందో చెప్పే కాగితం దానితో రాలేదు.

ఇప్పుడు మన నందికొండ వైపు చూద్దాం. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు కృష్ణ లోయలో పాత స్తంభాన్ని చూసి సర్కారుకు తెలియజేశాడు. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ అక్కడ తవ్వించాడు. మహాచైత్యం లోపల ఒక మట్టికుండ, అందులో స్తూపం ఆకారంలో చిన్న వెండి భరిణె, దాని లోపల ముప్పావు అంగుళం వెడల్పున్న బంగారు భరిణె, అందులో ఒక ఎముక ముక్క దొరికాయి. బంగారు పూలు, ముత్యాలు, కెంపురంగు రాళ్లు కూడా ఉన్నాయి.

తూకం వేస్తే ఆ బంగారం న్యూయార్క్ కమ్మల ముందు ఎంత? అయినా అది మనకు ఎక్కువ చెబుతుంది. ఏ కట్టడంలో ఉందో తెలుసు. ఆ కట్టడం స్తంభాల మీద శాసనాలున్నాయి. ఇక్ష్వాకు రాజుల ఇంటి ఆడవాళ్లు దానాలు చేశారని అవి చెబుతాయి. ఉజ్జయిని రాజు కూతురు రుద్రధర భట్టారిక ఒక స్తంభంతో పాటు 170 దీనారి మాషకాలు ఇచ్చింది. దీనారం రోమ్ నాణెం పేరు. సముద్రం అవతలి డబ్బు మాట మన కొండల నడుమ రాతిలో నిలిచింది. నల్లగొండ దగ్గర అక్కన్‌పల్లిలో రోమన్ వెండి నాణేల నిధి కూడా బయటపడింది. దక్షిణాదిన దొరికిన రోమ్ బంగారు నాణేల్లో చాలావాటికి మెడలో వేసుకోవడానికి చిల్లులో, కొక్కేలో ఉంటాయి. డబ్బు నగ అయింది.

ఈ సంగతి మన తండాల్లో ఎవరికీ కొత్త కాదు. రూపాయి బిళ్లలకు కొక్కెం వేసి హారంగా గుచ్చుకున్న అవ్వలు మనకున్నారు. జుట్టుకు ఘుగ్రి, టోప్లి, మెడకు హాస్లి: ఇవే వాళ్ల బ్యాంకు, వాళ్ల మర్యాద.

నిధి దొరికితే చట్టం ఏమంటుందో మనవాళ్లు తెలుసుకోవాలి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే వాటా పోతుంది, జైలు కూడా పడవచ్చు. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేకపోతే, నాలుగింట మూడు వంతులు దొరికినవాళ్లవి, ఒక వంతు భూమి యజమానిది. సర్కారు ఆ వస్తువును తానే తీసుకోవాలనుకుంటే లోహం ధరకు అయిదో వంతు కలిపి ఇస్తుంది. 1972 చట్టం వచ్చాక పాత వస్తువులను ప్రైవేటు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు.

చట్టం లోహానికి వెల కడుతుంది, సేకర్త పాతదనానికి వెల కడతాడు. ఈ రెండు ధరల నడుమ దళారి బతుకుతాడు. కూలికి పోయి గడ్డపార కింద కుండ చూసినవాడికి ఠాణా అంటే భయం. గుట్టుగా కరిగిస్తాడు, లేదా అడిగినంతకు ఇచ్చేస్తాడు. నగ చేతులు మారినప్పుడల్లా విలువ పెరుగుతుంది. దొరికిన ఊరి పేరు చెబితే కేసు అవుతుంది కనుక మొదట ఊరినే చెరిపేస్తారు. అందుకే పెద్ద మ్యూజియం కూడా చివరికి 'బహుశా' అని రాసుకోవలసి వస్తుంది.

ఊరు చెరిగిపోవడం మనకు తెలుసు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది వేసిన ప్రాజెక్టుకు మొదటి పేరు నందికొండ ప్రాజెక్టే. నీళ్లు నిండేలోగా 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయను తవ్వి, కట్టడాలను పైకి తరలించి, కొండ మీద మ్యూజియం పెట్టారు. రాళ్లకు లెక్క రాశారు. అది మంచి పనే. లోయలో బతికిన చెంచుల, లంబాడీల సంగతులకు అంత శ్రద్ధగా లెక్క రాసినవాళ్లు లేరు.

ఇప్పుడు అదే మన వెండికి జరుగుతోంది. పంటకు పెట్టుబడి కావాలన్నా, దవాఖాన ఖర్చు వచ్చినా అవ్వ నగ కుదువకు పోతుంది. విడిపించుకోలేకపోతే దుకాణదారు తరుగు తీసి తూకానికి కొంటాడు. మంచి పనితనం ఉంటే అది నగరంలో 'గిరిజన ఆభరణం' అన్న చీటీతో ఒక అద్దాల పెట్టెలోకి చేరుతుంది. అవ్వ పేరు, తండా పేరు, ఏ పెళ్లికి చేయించారు, ఏ కంసాలి చేశాడు అన్నది దుకాణం గడప దాటదు. వందేళ్ల తర్వాత మన మనవలు దాని ముందు నిలబడి 'బహుశా' అని చదవాల్సి ఉంటుంది.

అమ్ముకోవద్దని మేము చెప్పడం లేదు. ఆకలికి నీతి చెప్పే హక్కు ఎవరికీ లేదు. అమ్మేముందు ఒక ఫొటో తీయండి. ఎవరిది, ఏ తండా, మన మాటలో దాని పేరేమిటి, ఎప్పుడు తొడుగుతారు: ఈ నాలుగు ముక్కలు బడికి పోయే పిల్లతో నోటుబుక్కులో రాయించండి. భూమిలో ఏదైనా దొరికితే ఒంటరిగా పోకుండా సర్పంచునో, పంతులునో, నలుగురు పెద్దలనో వెంటబెట్టుకొని కలెక్టరుకు కాగితం ఇవ్వండి, దాని నకలు దగ్గర పెట్టుకోండి. లోయలో స్తంభాన్ని చూసిన ఆ పంతులు చేసింది కూడా ఇంతే, చూసినదాన్ని చూసిన చోటు పేరుతో సహా చెప్పాడు.