కుక్కగింజలు: కొంత చరిత్ర, కొంత లెక్క

కుక్కకు వేరుగా వంట చేయడం మన ఇళ్ళలో పాత అలవాటు కాదు. మిగిలిన అన్నం, ఎండిన జొన్నరొట్టె, పండుగనాడు ఒక ఎముక. విశ్వాసానికి మనమిచ్చిన జీతం అంతే. ఛత్రినాక వంటి పాతబస్తీ పేటలో కూడా నేడు కుక్కను పెంచేవారు సంచీ ధర చూసి ఒక్క క్షణం తటపటాయించవలసి వస్తున్నది. ఈ సంచీ ఎక్కడ నుండి వచ్చినది?

దీని మూలపురుషుడు జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్. 1860ల నాటి ఇంగ్లండులో, ఓడ నావికులు పారవేసిన గట్టి బిస్కత్తులను రేవుకుక్కలు ఆబగా తినడం చూసి, గోధుమ, కూరగాయలు, బీట్‌రూట్, ఎండుమాంసంతో కుక్క బిస్కత్తు చేసి అమ్మినాడని ప్రతీతి. కొన్నది ధనికులు. 1891లో ప్రసిద్ధ శునక ప్రదర్శన ఆరంభించిన చార్లెస్ క్రఫ్ట్ ఆ కంపెనీ ఉద్యోగియే! సరకుకూ ప్రచారానికీ అప్పుడే ముడి పడినది. రెండవ ప్రపంచ యుద్ధంలో రేకు కొరత డబ్బా ఆహారాన్ని అణచి, ఎండు ఆహారానికి దారి తీసినది. 1957లో ప్యూరినా కంపెనీ అల్పాహారపు గింజలు చేసే యంత్రపద్ధతినే వాడి, ఉబ్బిన గింజలను బజారుకు తెచ్చినది. నేడు మన సిద్దిపేట జిల్లాలోనే మార్స్ కంపెనీ కర్మాగారం ఉన్నది.

మరి అన్నం తప్పా? కాదు. పిండిపదార్థాన్ని జీర్ణం చేసే జన్యువు ప్రతులు తోడేలులో కంటె కుక్కలో ఎక్కువని 2013లో 'నేచర్' పత్రికలో వెలువడిన పరిశోధన చెప్పినది. మనిషి గింజ తింటూ కుక్కను కూడా మార్చుకున్నాడన్నమాట. అయితే వట్టి అన్నంలో మాంసకృత్తులు, కాల్షియం చాలవు. బిర్యానీ మిగులులోని ఉల్లి, వెల్లుల్లి విషప్రాయం.

సంచీ మీద అంకెలనూ గుడ్డిగా నమ్మరాదు. 2007లో మెలమిన్ కలిసిన గోధుమ గ్లూటెన్ వల్ల అమెరికా, కెనడాలలో ఎన్నో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి మరణించాయి. మాంసకృత్తులను నత్రజని ద్వారా లెక్కిస్తారు గనుక, నత్రజని నిండిన ఆ రసాయనం అంకెను పెంచి చూపినది.

అంకె పూర్తి సత్యం కాదు. అది లేకపోతే అసలే చీకటి. అమెరికా దాణా నియంత్రణాధికారుల సంఘం ప్రమాణం ప్రకారం, తేమ తీసివేసిన పదార్థంలో పెద్ద కుక్కకు కనీసం 18 శాతం మాంసకృత్తులు, 5.5 శాతం కొవ్వు ఉండాలి. ఎదిగే పిల్లకు 22.5, 8.5. 'సంపూర్ణ సమతులాహారం' అన్న మాట, ఏ వయసుకో, సంచీపై వెతకాలి.

ఇక చవక. పది కిలోల ఆరోగ్యమైన కుక్కకు రోజుకు సుమారు 630 కిలోక్యాలరీలు కావాలి. ఊహకు రెండు సంచులు: కిలో 250 రూపాయలది 3200 కిలోక్యాలరీలు, 270 రూపాయలది 3800. మొదటిది రోజుకు 197 గ్రాములు, 49 రూపాయలు. రెండవది 166 గ్రాములు, 45 రూపాయలు. కిలో ధరలో చవకైనది గిన్నెలో ఖరీదైనది! గింజ మార్చదలిస్తే వారం రోజులలో కొద్దికొద్దిగా మార్చాలి.

స్ప్రాట్ కాలంలో బిస్కత్తు యజమాని హోదాకు గుర్తు. గిన్నె ముందు కూర్చున్న జీవికి హోదాతో పని లేదు; చదవలేని దాని తరఫున సంచీని చదవవలసినది మనమే.