అడుగుల కొలతలో బీజింగ్: హుటోంగ్ వీధుల చారిత్రక సాక్ష్యం

బీజింగ్ చరిత్ర అనగానే పరిశీలకుల దృష్టి సాధారణంగా నిషిద్ధ నగరం మీద నిలుస్తుంది. ఆ ప్రాసాదం పూర్తయినది 1420లో. ఉత్తర భాగంలోని నివాస వీధుల చట్రం అంతకు ఒకటిన్నర శతాబ్దం ముందుది. 1267లో కుబ్లాయ్ ఖాన్ దాదు నగర నిర్మాణాన్ని ప్రారంభించినప్పుడు వీధులను ‘బు’ అనే ప్రమాణంతో కొలిచారు. రెండు అడుగులు వేస్తే ఒక బు. పెద్ద వీధి వెడల్పు 24 బులు, చిన్న వీధి 12. నివాస సందుకు ‘హుటోంగ్’ అని పేరు. బావి అనే అర్థం గల మంగోలు పదం నుండి అది వచ్చిందని పలువురి అభిప్రాయం, వివాదం మాత్రం ముగియలేదు.

ఈ వీధులను నడిచి చూసినవారికి పటంలో కనిపించని తర్కం బోధపడుతుంది. నాన్‌లువోగు వీధి ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. దానికి ఇరువైపులా ఎనిమిదేసి హుటోంగ్‌లు తూర్పు పడమరలుగా చీలుతాయి. స్థానికులు దానిని జెర్రితో పోల్చడం సమంజసమే. సందు తూర్పు పడమరలుగా ఉంటేనే ప్రతి ఇంటి ప్రధాన గది దక్షిణానికి తిరిగి, చలికాలపు ఎండను అందుకోగలదు. నాలుగు వైపులా గదులు, నడుమ ముంగిలి గల ఈ ఇళ్లు వీధికి బూడిదరంగు గోడనే చూపుతాయి. ఆగ్నేయ మూలనున్న ద్వారం తెరిచినా ఎదురుగా అడ్డుగోడే. ఇంటి యజమాని హోదాను ద్వారంపై దూలపు మొలల సంఖ్యను బట్టి, గడప పక్కనున్న రాళ్లను బట్టి ఊహించవలసినదే.

ఛియెన్‌మెన్ ద్వారానికి దక్షిణాన, నైరుతి దిశలో, ఈ క్రమం తప్పుతుంది. యాంగ్‌మెయ్‌ఝు వంటి వీధులు ఏటవాలుగా సాగుతాయి. నైరుతిలోని పాత జిన్ రాజధానికీ కొత్త దాదుకూ మధ్య జనం నడిచిన దారులే అవి. ఆ ప్రాంతాన్ని బయటి ప్రాకారం చుట్టినది 1553లో మాత్రమే. ఉత్తరాన పాలకుని కొలతాడు, దక్షిణాన బాటసారుల పాదాలు వీధులను గీశాయనడం అతిశయోక్తి కాదు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఒక కుటుంబపు ముంగిలిని అనేక కుటుంబాలు పంచుకున్నాయి. 1976 తాంగ్‌షాన్ భూకంపం తరువాత ముంగిళ్లలో వెలసిన తాత్కాలిక పాకలు శాశ్వత గదులయ్యాయి. 1990ల నుండి కూల్చివేతలు వేగం పుంజుకున్నాయి. పరిరక్షణ ప్రకటనలు వాటిని పూర్తిగా ఆపలేదు. 1930లలో వాస్తు చరిత్రకారులు లియాంగ్ సిచెంగ్, లిన్ హుయీన్ నివసించిన బెయ్‌జోంగ్‌బు హుటోంగ్‌లోని ఇల్లు, రక్షిత జాబితాలో చేరిన తరువాత కూడా 2012లో నేలమట్టమైంది. దానికి ‘మరమ్మతు నిమిత్తపు కూల్చివేత’ అని పేరు పెట్టారు!

ఉ లియాంగ్‌యోంగ్ జుయెర్ హుటోంగ్‌లో అనుసరించిన పద్ధతి వేరు. ముంగిలి చుట్టూ రెండు, మూడు అంతస్తుల ఇళ్లు కట్టి, సందు రేఖను చెదరనివ్వలేదు. 1992లో దానికి ప్రపంచ ఆవాస పురస్కారం లభించింది. అయితే పాత నివాసులలో చాలామంది అక్కడికి తిరిగి రాలేదు.