కార్లీ గోదామును ఎందుకు పేల్చింది? ఒక సూపర్‌హీరో ధారావాహికలో ప్రతినాయిక ఉద్దేశాల పరిశీలన

‘ద ఫాల్కన్ అండ్ ద వింటర్ సోల్జర్’ మార్వెల్ సంస్థ ఆరు భాగాలుగా తీసిన ధారావాహిక. 2021 మార్చి 19 నుంచి ఏప్రిల్ 23 వరకు డిస్నీ ప్లస్‌లో వచ్చింది. ప్రధాన రచయిత మాల్కమ్ స్పెల్‌మన్, దర్శకురాలు కారీ స్కాగ్లండ్. ఎరిన్ కెల్లీమన్ నటించిన కార్లీ మోర్గెంథౌ ఇందులో ప్రతినాయిక. ఆమె పాత్ర మూడో భాగం ‘పవర్ బ్రోకర్’లో, ఒకే ఒక్క సన్నివేశంలో విరిగిపోయిందనీ, తర్వాతి మూడు భాగాలూ ఆ పగులును అతికించలేకపోయాయనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కథలో మానవాళిలో సగం మంది ఐదేళ్లపాటు మాయమై, తిరిగి వస్తారు. వాళ్లు లేని కాలంలో దేశాలు సరిహద్దులు తెరిచి, మిగిలినవాళ్లను పిలిచి పనీ ఇల్లూ ఇచ్చాయి. పోయినవాళ్లు రాగానే ఆ ఇళ్లు పాత యజమానులకు, మధ్యలో వచ్చినవాళ్లు శిబిరాలకు. పునరావాసం చూడాల్సిన జీఆర్‌సీ అనే అంతర్జాతీయ మండలి గోదాముల్లో సరుకులు నిల్వ ఉన్నా శిబిరాల్లో మందులు ఉండవు. ఆ మందులు ఎత్తుకెళ్లి పంచే దళానికి కార్లీ నాయకురాలు. సరిహద్దులు లేని ప్రపంచం కావాలన్నది ఆమె కోరిక.

ఈ కథను ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం నుంచి చూస్తే ఇందులో కల్పన పాలు తక్కువే అనిపిస్తుంది. ఇక్కడి నుంచి ఖమ్మం, కొత్తగూడెం మీదుగా భద్రాచలం దాటితే పోలవరం ముంపు ప్రాంతం వస్తుంది. 2014లో పార్లమెంటు చట్టంతో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలూ, పట్టణం మినహా భద్రాచలం మండలమూ, బూర్గంపాడులో కొన్ని గ్రామాలూ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. జనం ఉన్నచోటే ఉన్నారు, రాష్ట్రం మారింది. ఆ తర్వాత పరిహారం జాబితాలు, పునరావాస కాలనీలు, పోడు భూమికి పట్టా ఉందా లేదా అన్న విచారణలు. ఈ నేల మీద పెరిగిన ప్రేక్షకుడికి కార్లీ కోపం ఎక్కడి నుంచి పుట్టిందో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. అందుకే ఆ పాత్రను రచయితలు ఏం చేశారన్నది మనకు పట్టవలసిన విషయం.

మూడో భాగంలో కార్లీని పెంచిన దోన్యా మదానీ శిబిరంలో క్షయతో చనిపోతుంది. ఆ తర్వాత దళం ఒక జీఆర్‌సీ గోదాము మీద పడి సరుకులు తీసుకుంటుంది. అక్కడివాళ్లను లోపల కట్టేసి ఉంచుతుంది. పని పూర్తయింది, వాహనాలు బయల్దేరబోతున్నాయి. అప్పుడు కార్లీ భవనాన్ని పేల్చేస్తుంది. పక్కనున్న సహచరుడు డోవిచ్ బిత్తరపోయి, లోపల మనుషులున్నారు కదా అంటాడు. వీళ్లకు అర్థమయ్యేది ఇదొక్కటే అని ఆమె జవాబు.

ఈ హత్యల వల్ల ఆమె ఆశయానికి ఏం ఒరిగింది? మందులు అప్పటికే చేతికందాయి. చచ్చినవాళ్లు విధానాలు నిర్ణయించే మండలి పెద్దలు కారు, గోదాములో ఉన్నవాళ్లు. దుఃఖం మనిషిని క్రూరంగా మార్చగలదన్నది నిజమే. కానీ ఆ మార్పును చూపించాలి. మరణానికీ పేలుడుకూ మధ్య ఆమెను ఒంటరిగా చూసే సన్నివేశం లేదు, సహచరులతో వాదన లేదు, వెనక్కి లాగే ఆలోచన లేదు. ఈ భాగంలో ఎక్కువ సమయం మద్రిపూర్ నగరానికే పోయింది. జీమో, డాక్టర్ నాగెల్, షరాన్ కార్టర్ అనే ఇతర పాత్రలు, అతిమానుష బలమిచ్చే సీరం వేట మధ్య కార్లీకి మిగిలినవి కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో ఆమెను దుష్టపాత్రగా రుజువు చేయాల్సి వచ్చింది కాబట్టి బాంబు పేలింది. పాత్ర అవసరం వేరు, కథనం అవసరం వేరు. ఇక్కడ రెండోది మొదటిదాన్ని తొక్కేసింది.

ప్రతినాయకుడికి ఒకే ఉద్దేశం ఉండి తీరాలని నేను వాదించడం లేదు. ధనంజయుడి ‘దశరూపకం’ ప్రతినాయకుణ్ణి లోభి, ధీరోద్ధతుడు, స్తబ్ధుడు, పాపకర్ముడు, వ్యసనపరుడు అంటుంది. అవి స్వభావాలు, కారణాలు కావు. స్వభావంతోనే నడిచే పాత్రను ఎందుకిలా చేశావని ప్రేక్షకుడు నిలదీయడు. ఆధునిక ధారావాహిక అలా కాదు. మా ప్రతినాయికకు న్యాయమైన కారణం ఉందని తనే ముందుకొచ్చి చెబుతుంది. చెప్పిన క్షణం నుంచి ఆమె చేసే ప్రతి పనికీ లెక్క చెప్పాల్సిన బాధ్యత రచయితది. అనౌచిత్యం తప్ప రసభంగానికి వేరే కారణం లేదని ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో తేల్చాడు. గోదాము సన్నివేశంలో అనౌచిత్యం హింస తీవ్రతలో లేదు. అంతకుముందు నిర్మించిన పాత్రకూ ఆ పనికీ పొత్తు కుదరకపోవడంలో ఉంది.

ఉద్దేశానికీ చర్యకూ మధ్య దారి ఎలా వేయాలో మన ప్రాంతపు కథలకు బాగా తెలుసు. తిరుమలాయపాలెంలాగే పాలేరు నియోజకవర్గంలోదే అయిన నేలకొండపల్లిని స్థానిక ఐతిహ్యం విరాటరాజు కొలువుగా చెబుతుంది, కీచకుడి పేరుతో ఒక గుండాన్నీ చూపుతుంది. కీచకుడి కోరిక ఒక్కటే. సైరంధ్రిని సుధేష్ణ మద్యం తెమ్మన్న నెపంతో అతని ఇంటికి పంపడం, అతను ఆమెను నిండు సభలో తన్నడం, రాత్రి నర్తనశాలకు రావడం, ప్రతి మెట్టూ ఆ కోరికలోంచే పుడుతుంది. దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలతో ముడిపడ్డ రావణుడిది ఇంతకంటే చిక్కుముడి. శూర్పణఖ పరాభవం, ఖరదూషణుల చావు, సీతపై మోహం, రాజగర్వం అన్నీ అతనిలో ఉన్నాయి. భాగవతం జయవిజయుల శాపాన్ని కూడా చేర్చింది. ఇన్ని ఉన్నా పాత్ర చీలిపోలేదు. మారీచుడి హితవు, విభీషణుడి హితవు విని కూడా తోసిపుచ్చడం వల్ల అతని నిర్ణయానికి బరువొచ్చింది. కార్లీ ఎదుట మూడో భాగంలో మారీచుడి స్థానంలో నిలబడి మాట్లాడేవాడే లేడు.

ఇటీవలి తెలుగు సినిమా ఈ విషయంలో చాలా నయం. ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’ (2024)లో వినయ్ రాయ్ పోషించిన మైకేల్‌కు చిన్నప్పటి నుంచీ సూపర్‌హీరో కావాలన్న పిచ్చి. హీరోలందరికీ తల్లిదండ్రులు ఉండరని సొంత తల్లిదండ్రులనే చంపేస్తాడు. కారణం వికృతమైనదే. అయినా అంజనాద్రి అనే ఊళ్లో ఉన్న శక్తి కోసం అతను చివరిదాకా చేసే ప్రతిదీ ఆ పిచ్చికి కొనసాగింపే.

చరిత్ర కూడా ఇక్కడ ఆధారమవుతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు, మందుగుండు తీసుకుపోయిన అల్లూరి సీతారామరాజు బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో దుష్టపాత్రే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, పోడుపై ఆంక్షలు, గూడెంలో డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో చేసిన దోపిడీ ఆ తిరుగుబాటుకు కారణాలు. ఆయుధాలు ఎందుకు కావలసి వచ్చాయో, సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవర్డ్, హైటర్ అనే పోలీసు అధికారులు ఎందుకు గురి అయ్యారో ఆ కారణాల నుంచి అంచెలంచెలుగా చూడవచ్చు. ఆ హింసను సమర్థించాలా వద్దా అన్న వాదన పెట్టుకోవచ్చు. అది ఎక్కడి నుంచి వచ్చిందన్న అయోమయం మాత్రం ఉండదు.

కార్లీ విషయంలో ఆ అయోమయం చివరిదాకా సాగింది. నాలుగో భాగంలో దోన్యా అంత్యక్రియల దగ్గర కథానాయకుడు సామ్ విల్సన్ కార్లీతో మాట్లాడే సన్నివేశం మొత్తం ధారావాహికలోనే ఉత్తమం. ఇద్దరూ ఒకరినొకరు నిజంగా వింటారు. కొద్దిసేపటికే ఆమె సామ్ చెల్లెలికి ఫోన్ చేసి బెదిరిస్తుంది. ఐదో భాగంలో కిరాయి మనిషి బాట్రాక్‌తో చేతులు కలుపుతుంది. ఆరో భాగంలో న్యూయార్క్‌లో మండలి సభ్యులను బందీలుగా పట్టి, ఒక వాహనానికి నిప్పు పెట్టిస్తుంది. చివరికి షరాన్ తన రహస్యాన్ని కాపాడుకోవడానికి ఆమెను కాల్చేస్తుంది. ఆమెకు తీర్పు చెప్పింది ఆమె వాదం కాదు, మరెవరిదో స్వార్థం.

అప్పుడు సామ్ ఆమె శవాన్ని మోసుకొచ్చి, మండలి సభ్యుల ముందు నిలబడి, నిర్వాసితులను తరలించే ముందు వాళ్లను అడిగారా అని నిలదీస్తాడు. వీళ్లను ఉగ్రవాదులనకండి అంటాడు. ఆ మాటలు గొప్పవి. కానీ మూడో భాగం కట్టేసిన మనుషులున్న గోదామును ఆమె చేతే పేల్పించింది కాబట్టి, మండలి సభ్యులు ఆ ఒక్క సంఘటన ఎత్తిచూపితే సామ్ దగ్గర సమాధానం లేదు. ముంపు గ్రామాల్లో నిరాహార దీక్షలకు కూర్చున్నవాళ్లు, గ్రామసభల్లో అర్జీలు పెట్టుకున్నవాళ్లు సామ్ అడిగిన ప్రశ్నే ఏళ్ల తరబడి అడుగుతున్నారు, చేతిలో బాంబు లేకుండా. తెరమీద ఆ ప్రశ్న అడగడానికి ఒక హంతకురాలు చావాల్సి రావడం నాకు బాధ కలిగించింది.

దీన్ని సరిదిద్దడానికి పెద్ద మార్పులు అక్కర్లేదు. డోవిచ్ బిత్తరపోయిన ఆ ముఖం రచయితల చేతిలోనే ఉంది. అతన్ని మాట్లాడనిచ్చి, ఆమెతో వాదించనిచ్చి, దళం రెండుగా చీలనిస్తే నాలుగో భాగానికి కార్లీ తన మనుషులకే జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ధారావాహికలో అతను ఒక్క వాక్యం అని, వాహనమెక్కి, ఆమె వెంటే పోతాడు.