అచ్చుకు ముందు చదివేవారు

గత నెల ఇర్వింగ్‌లో ఒక మిత్రుని ఇంట సాహిత్య గోష్ఠి ముగిసి, అందరూ గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న వేళ, ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి సంచీలోంచి మూడు నోటుపుస్తకాలు తీసి నా చేతిలో పెట్టారు. వయసు డెబ్బై ఎనిమిది. ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. నోటుపుస్తకాల నిండా కథలు, మొత్తం పద్దెనిమిది. "పుస్తకంగా చూసుకోవాలని ఉంది డాక్టరుగారూ, దానికేం చెయ్యాలో మీరే చెప్పాలి" అన్నారు. గుండెలో రెండు స్టెంట్లు ఉన్న మనిషి. ఆ "చూసుకోవాలని" అన్న మాటలోని తొందర నాకు తెలియనిది కాదు.

ఖర్చుకు వెనుదీయకపోతే అచ్చు పెద్ద కష్టం కాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో డీటీపీ చేయించి, ముఖచిత్రం వేయించి, అయిదువందల ప్రతులు తీయించుకోవచ్చు. ఐఎస్‌బీఎన్ ఇండియాలో ఉచితంగా ఇస్తారు; అమెరికాలో బౌకర్ సంస్థ దగ్గర కొనుక్కోవాలి. నేనూ ఆ దారిన నడిచినవాణ్ణే. పన్నెండేళ్ల క్రితం రాత్రి డ్యూటీల మధ్య ప్రూఫులు నేనే దిద్దుకుని ఒక కథాసంపుటి వేశాను. అందులో ఒక కథలో మొదటి పేజీలోనే కాలం చేసిన మేనమామ, అయిదో పేజీలో నింపాదిగా కాఫీ తాగుతాడు. ఆ సంగతి అచ్చయ్యాక మా బావమరిది చెప్పాడు. అప్పటికే చాలా ఆలస్యమైపోయింది. మిగిలిన ప్రతులు మా గరాజ్‌లో మూడు అట్టపెట్టెల్లో ఉన్నాయి.

తెలుగు రచయిత తన పుస్తకాన్ని తానే వేసుకోవడం ఈనాటి మాట కాదు. వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878లో వెలువడింది ఆయన సొంత పత్రిక వివేకవర్ధనిలోనే. పుస్తకంగా 1880లో వచ్చింది. సొంత పత్రిక లేనివారికి జమీందారులో మహారాజులో దిక్కు. 1892లో ప్రదర్శనకెక్కిన కన్యాశుల్కం 1897లో అచ్చయింది, విజయనగర మహారాజు ఆనందగజపతికి అంకితమై. ఆ తర్వాత పన్నెండేళ్లకు గురజాడ ఆ నాటకాన్ని ఎంతగానో పెంచి, మార్చి, 1909లో తిరిగి ప్రచురించాడు. ఈనాడు మనం చదివేది ఆ రెండవ కూర్పునే. తన రాతను తానే పరాయివాడిలా చదవగలిగిన రచయితలు అరుదు. మిగతా వారికి మరొకరి కన్ను కావాలి.

ఆ మరొకరి కన్ను పోటీల రూపంలో కొంత దొరికింది. న్యాపతి సుబ్బారావు రాజమండ్రి నుండి నడిపిన చింతామణి పత్రిక నవలలకు బహుమతులు పెట్టింది. 1894లో చిలకమర్తి రామచంద్ర విజయానికి ఆ బహుమతి వచ్చింది. అయితే పోటీ తీర్పు చెబుతుందే గాని, రాతను సరిదిద్దదు.

ఈ విషయంలో నాకు అన్నిటికన్న ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి. 1906లో హైదరాబాదులో పుట్టి, 1908లో మద్రాసుకు మారిన ఈ సంస్థకు ప్రాణం కొమర్రాజు లక్ష్మణరావు. అప్పుడాయన మునగాల సంస్థానంలో దివాను. మండలి చందాదారులను చేర్చుకుని పుస్తకాలు వేసింది. అంటే రచయిత జేబు మీద గాని, ఒక్క ప్రభువు దయ మీద గాని ఆధారపడలేదు. అంతకన్న ముఖ్యమైనది, సంపాదకుడంటూ ఒకడున్నాడు. తెలుగువాడికి ఏ విషయంపై పుస్తకం కావాలో ఆలోచించి, తగిన మనిషిచేత రాయించాడు. తొలి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. జీవశాస్త్రము రాసింది ఆచంట లక్ష్మీపతి, వైద్యుడు. (మా వృత్తివాడు కనుక ఆ పేరు చెప్పకుండా ఉండలేను.) 1923లో లక్ష్మణరావు కన్నుమూశాడు. ఆయన తర్వాత గొప్ప ప్రచురణకర్తలు వచ్చారు. కాని, రాయబోయే పుస్తకాన్ని ముందుగానే తలలో చదివి, దానికి రచయితను వెతికే మనిషి నాకు మళ్లీ అంతగా కనబడడు.

మహాప్రస్థానం కథ వేరు. అందులోని గేతాలన్నీ దాదాపుగా 1930లలోనివి. 1940లో చలం యోగ్యతాపత్రం రాసి ఇచ్చాడు. పుస్తకం 1950లో గాని రాలేదు. మచిలీపట్నంలో నళినీకుమార్ వేశాడు. ముందుమాట పుస్తకం కోసం పదేళ్లు కూర్చుంది. అయినా ఆ పదేళ్లూ శ్రీశ్రీకి చలంవంటి పాఠకుడు ఉన్నాడు, అచ్చు లేకపోతేనేం. 1981లో లండన్‌లో గూటాల కృష్ణమూర్తి అదే కావ్యాన్ని శ్రీశ్రీ స్వదస్తూరీతో, ఆయన గొంతు నింపిన క్యాసెట్టుతో ప్రచురించాడు. రాతప్రతే పుస్తకమైంది!

మన ప్రవాసంలో హ్యూస్టన్‌లోని వంగూరి ఫౌండేషన్ 1994 నుండి ఉంది. ఈమాట 1998 నుండి వెబ్‌లో వస్తోంది. 2016లో కిండిల్ తన స్వయంప్రచురణలో అయిదు భారతీయ భాషలు చేర్చినప్పుడు తెలుగుకు చోటు దక్కలేదు. అది బాధాకరమే, కాని మా పెద్దాయనకు కావలసింది కిండిల్ కాదని నా నమ్మకం.

మూడు నోటుపుస్తకాలూ చదివాను, పెన్సిలు పట్టుకుని. బాపట్ల దగ్గరి ఉప్పు కొఠారుల మీద రాసిన రెండు కథలు ఎవరైనా గర్వంగా వేసుకోగలిగినవి. అమెరికా కోడళ్ల మీద రాసిన నాలుగు కథలు ఒకే కథ. ఫోను చేసి, మంచివి ఏవో చెప్పి, ఆ నాలుగూ తీసెయ్యమన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. "ఆలోచిస్తానండీ" అని పెట్టేశారు. పది రోజులు పలకలేదు. రోగికి చెడువార్త చెప్పి ఇంటికొచ్చిన రాత్రుల్లా గడిచాయవి. ఆయన దగ్గర ఎంత కాలం ఉందో నాకు తెలియదు. చదివి ఊరుకుని, ముందుమాట రాసి ఇచ్చి ఉండాల్సిందేమో అనుకున్నాను కూడా.

నిన్న సాయంత్రం ఫోను మోగింది. నాలుగు కాదట, మూడు తీస్తారట. నాలుగోది వాళ్లావిడకు ఇష్టమట.