తలతిరుగుడూ పార్శ్వపు నొప్పీ: ఒక రోగనిర్ధారణ చరిత్ర

పరిసరాలు గిర్రున తిరుగుతున్నట్టు తోచే తలతిరుగుడుకూ, తలలో ఒక పక్కన వచ్చే పార్శ్వపు నొప్పికీ సంబంధం ఉందన్న ఊహ ప్రాచీనమైనదే. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం అర్ధావభేదకమనే శిరోరోగాన్ని వర్ణిస్తూ, పొడిచినట్టుండే నొప్పితోపాటు భ్రమను, అంటే తలతిరుగుడును, దాని లక్షణాల్లో చేర్చి, అది పది రోజులకో పక్షానికో లేక అకస్మాత్తుగానో వస్తుందని చెప్పింది.

ఐరోపాలో మాత్రం ఈ రెండూ వేరు దారులు పట్టాయి. తలతిరుగుడుకు మెదడులో రక్తం పోటెత్తడమే కారణమని వైద్యులు నమ్ముతున్న కాలంలో, 1861లో పారిస్ బధిర విద్యాలయ వైద్యుడు ప్రాస్పర్ మెనియేర్ అది లోపలి చెవి లోపం వల్లా రావచ్చని వాదించాడు. చెవిలోకి వేడినీరూ చన్నీరూ పంపి కనుగుడ్ల కదలికను గమనించే పరీక్షను రూపొందించిన రాబర్ట్ బరానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించడంతో, తలతిరుగుడు చెవి వైద్యుల పరిధిలో స్థిరపడగా, తలనొప్పి నరాల వైద్యుల పాలే అయింది. మైగ్రేన్‌లో, అంటే పార్శ్వపు నొప్పిలో, తలతిరుగుడూ ఒక భాగమని వైద్యుడు ఎడ్వర్డ్ లివింగ్ 1873 నాటి గ్రంథంలో రాసినా, 1917లో బోన్‌హైమ్ ‘వెస్టిబ్యులార్’ అనే విశేషణాన్ని, అంటే శరీర సమతౌల్యాన్ని కాపాడే లోపలి చెవి వ్యవస్థకు సంబంధించినదన్న పేరును, దానికి జోడించినా, ఆ ఆలోచన చాలాకాలం నిలదొక్కుకోలేదు.

1984లో లండన్‌లో కాయన్, హుడ్ మైగ్రేన్ రోగులను సాధారణ తలనొప్పి రోగులతో పోల్చి, తలతిరుగుడు మొదటివారిలోనే ఎక్కువని చూపారు. 1999లో డీటెరిచ్, బ్రాంట్ 90 మంది రోగులను పరిశీలించి, కొందరిలో తలనొప్పి లేకుండానే మైగ్రేన్ తలతిరుగుడు వస్తుందని తెలిపారు. చివరకు 2012లో బరానీ సొసైటీ, అంతర్జాతీయ తలనొప్పి సంఘం కలిసి ఈ ‘వెస్టిబ్యులార్ మైగ్రేన్’ నిర్ధారణకు ప్రమాణాలను నిర్ణయించాయి. వాటి ప్రకారం ఓ మోస్తరు నుంచి తీవ్రస్థాయి దాకా ఉండే తలతిరుగుడు, 5 నిమిషాల నుంచి 72 గంటల వరకు సాగుతూ, కనీసం 5 సార్లు వచ్చి ఉండాలి. రోగికి గతంలోనో ఇప్పుడో మైగ్రేన్ ఉండాలి. సగం సార్లయినా మైగ్రేన్ తరహా తలనొప్పి గాని, వెలుతురునూ శబ్దాన్నీ భరించలేకపోవడం గాని, కళ్ల ముందు మెరుపుగీతల వంటివి కనిపించడం గాని తోడవ్వాలి. మరో జబ్బు ఆ లక్షణాలను ఇంతకన్నా బాగా వివరించకూడదు.

దీన్ని నిర్ధారించే రక్తపరీక్షగాని స్కానింగ్‌గాని నేటికీ లేదు. పరీక్షలు ఇది వినికిడి తగ్గించే మెనియేర్ వ్యాధో, పక్షవాతమో కాదని తేల్చడానికే తోడ్పడతాయి. అందువల్ల ఒక శతాబ్దం పరికరాలకు అప్పగించిన ఈ లక్షణం విషయంలో, అది ఎంతసేపు ఉంది, ఎన్నిసార్లు వచ్చింది, వెంట ఏమేం వచ్చాయి అని రోగి చెప్పే వివరమే నిర్ధారణకు ముఖ్యాధారమైంది.