అటవీ క్షేత్ర రక్షకుల శిక్షణ

వన్యప్రాణి సంరక్షణ ప్రాంతాల్లో కాలినడకన గస్తీ తిరిగే సిబ్బందికి ఇచ్చే వృత్తి శిక్షణ ఇది. ఆఫ్రికా దేశాల్లో ఈ పని చేసేవారిని ఫీల్డ్ రేంజర్లంటారు. మన దగ్గర రేంజర్ అంటే రేంజి మొత్తానికి అధికారి. రోజూ అడవిలో నడిచేది బీట్ ఆఫీసర్లు, బేస్ క్యాంపుల్లో ఉండే ప్రొటెక్షన్ వాచర్లు. తెలంగాణలో దూలపల్లి, ఆంధ్రప్రదేశ్‌లో రాజమహేంద్రవరం అటవీ అకాడమీల చదువు ప్రధానంగా శాఖలో నియమితులైన ఉద్యోగుల కోసం ఏర్పడింది. తాత్కాలిక వాచర్లు ఎక్కువగా పని చేస్తూనే పని నేర్చుకుంటారు. ఈ శిక్షణలో మొదటి స్థానం ఆయుధానిదా, అడవిని చదివే చూపుదా అన్న చర్చ చాలాకాలంగా ఉంది. నల్లమల అనుభవం చూపు వైపే మొగ్గుతుంది.

నల్లమల అడవుల్లోని నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్టు టైగర్‌లో చేరింది. రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యమైంది. ఇలాంటి అడవుల్లో వేట చాలావరకు తుపాకీతో జరగదు. జంతువుల దారి పొదల మధ్య ఇరుకయ్యే చోట, నీటి మడుగుకు దిగే చోట క్లచ్ వైరుతో ఉచ్చు బిగిస్తారు. పొలాల అంచుల్లో రాత్రిపూట కరెంటు తీగ పరుస్తారు. అడవిపంది కోసమో దుప్పి కోసమో పెట్టిన ఉచ్చులో చిరుతో పులో చిక్కుకుంటుంది. పెట్టినవాడు ఆ సమయంలో అక్కడ ఉండడు కాబట్టి తుపాకీ గురి ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. వంగిన కొమ్మ, తెగిన తీగ, కొత్తగా కనిపించిన చెప్పుల జాడ గుర్తుపట్టగలిగినవాడే ఆ జంతువును కాపాడగలడు. కరెంటు తీగ గస్తీ మనిషి ప్రాణమూ తీయగలదు. అందుకే చీకట్లో అనుమానించాల్సిన చోట్లు, ముట్టుకోకుండా విద్యుత్ శాఖకు తెలియజేసే పద్ధతి శిక్షణలో తప్పనిసరిగా ఉండాలి.

దొరికిన ఉచ్చును పీకి పారేయడంతో పని ముగియదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, చట్టం పేర్కొన్నవారు కోర్టుకు ఫిర్యాదు చేస్తేనే న్యాయస్థానం నేరాన్ని విచారణకు తీసుకుంటుంది. 50వ సెక్షన్ ప్రకారం అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి, నిందితుడి సమక్షంలో నమోదు చేసిన సాక్ష్యం విచారణలో చెల్లుతుంది. అయితే ఆ అధికారి రావడానికి ముందే ఘటనాస్థలంలో నిలబడి ఉండేది వాచరే. అతను తెలియక జాడలను తొక్కేసినా, వైరును చేత్తో చుట్టి తెచ్చినా, పంచనామా రాసే నాటికి కేసు సగం పోయినట్టే. ఫొటో తీయడం, చోటును గుర్తించడం, సీలు వేసేదాకా కాపలా కాయడం చిన్న పనులుగా కనిపిస్తాయి గానీ శిక్ష పడటం వీటి మీదే ఆధారపడుతుంది.

చూపుకు తోడు నిజాయితీగల నమోదు లేకపోతే ఏమవుతుందో రాజస్థాన్‌లోని సరిస్కా చూపించింది. 2004 లెక్కల్లో అక్కడ పులులున్నాయి. 2005లో వెతికితే ఒక్కటీ మిగల్లేదని తేలింది. ఆ దెబ్బతోనే జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. పాదముద్రల లెక్క స్థానంలో కెమెరా ట్రాప్‌లు వచ్చాయి. 2010 నుంచి గస్తీ దారిని, కనిపించిన ఆనవాళ్లను నమోదు చేసే ఎం-స్ట్రైప్స్ వాడుకలోకి వచ్చింది. అయినా మనిషి నడవని దారిని ఏ యాప్ కూడా చూపలేదు.

ఆయుధం కంటే చూపే ముందన్న వాదనకు బలమైన అభ్యంతరమే ఉంది. 1991లో కర్ణాటకలో పనిచేస్తున్న రాజమహేంద్రవరం బిడ్డ, అటవీ అధికారి పి. శ్రీనివాస్‌ను నిరాయుధుడిగా వెళ్లినప్పుడు గంధపు చెక్కల స్మగ్లర్ వీరప్పన్ పొట్టన పెట్టుకున్నాడు. అస్సాంలోని కాజీరంగాలో ఖడ్గమృగాల వేటగాళ్లు ఆయుధాలతోనే వస్తారు. 2010లో అస్సాం ప్రభుత్వం కాల్పులు జరిపే అటవీ సిబ్బందికి చట్టపరమైన రక్షణ ఇచ్చింది. అలాంటి చోట సాయుధ శిక్షణ అవసరమే, కాదనలేం. కానీ 2022లో అస్సాంలో ఒక్క ఖడ్గమృగమూ వేటకు బలికాలేదంటే, దాని వెనుక 2021లో పోలీసులు, అటవీశాఖ కలిసి వేటగాళ్ల ముఠాల ఆచూకీ తీసిన పని కూడా ఉంది. తుపాకీ ఉన్న చోటా సమాచారమే ముందు నడిచింది.

స్థానికులనే వాచర్లుగా నమ్మితే బంధుత్వాలు అడ్డొస్తాయన్నది ఇంకో అభ్యంతరం. ఆ ప్రమాదం లేకపోలేదు. కానీ నెల జీతం ఆలస్యమై, రేపు పని ఉంటుందో లేదో తెలియని మనిషిని లొంగదీయడం ఎవరికైనా సులువు. అతను ఊరివాడా పరాయివాడా అన్నది తర్వాతి మాట. నల్లమల పెంటల్లో, అంటే చెంచు గిరిజనుల గూడేల్లో, పుట్టి పెరిగిన చెంచు వాచర్లకు జాడ తీయడం ఎవరూ నేర్పలేదు, నేర్పాల్సిన అవసరమూ లేదు. వాళ్లకు నేర్పాల్సింది సాక్ష్యం భద్రపరచడం, పాముకాటుకు ప్రథమ చికిత్స, ఫోనులో నమోదు. వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది మిగతాదంతా. అకాడమీలు చెంచు పెద్దలను జీతమిచ్చి బోధకులుగా పిలవాలి, శిక్షణ పూర్తి చేసిన వాచర్లకు ప్రభుత్వాలు స్థిరమైన ఉద్యోగం ఇవ్వాలి.