విరసం: ఒక పదం, ఒక సంక్షిప్తనామం

తెలుగులో ‘విరసం’ రెండు చరిత్రలున్న మాట. సంస్కృతం నుంచి వచ్చిన ఈ పదానికి రసహీనమని అర్థం. సరసానికి విరుద్ధార్థంలో సుమతీ శతకకర్త దీన్ని ప్రయోగించాడు. 11వ శతాబ్దంలో భోజుడు సరస్వతీకంఠాభరణంలో విరసాన్ని వాక్యార్థదోషాలలో చేర్చాడు.

1970 జూలై 4న హైదరాబాదులో ఏర్పడిన విప్లవ రచయితల సంఘం పేరులోని మూడు పదాల తొలి అక్షరాలు కలిసి రెండవ ‘విరసం’ అయింది. 1943లో తెనాలిలో ఆవిర్భవించిన అభ్యుదయ రచయితల సంఘం అప్పటికే ‘అరసం’గా ప్రసిద్ధం. వ్యుత్పత్తిని బట్టి అరసమన్నా రసం లేనిదే.

వ్యాకరణం ఈ రెండు విరసాలనూ వేరుచేయదు. ‘సంఘం’లోని ‘సం’తో ముగియడం వల్ల సంక్షిప్తనామం కూడా వనం, దేశం వంటి నామాలలాగే విరసాన్ని, విరసానికి, విరసంలో అని విభక్తులను గ్రహిస్తుంది. అందువల్లనే అది అక్షరాల కూర్పుగా మిగలక పదంగా స్థిరపడింది.

1970కి పూర్వపు గ్రంథాలలో విరసం రసలోపాన్నో మనస్పర్థనో సూచిస్తుంది. తరువాతి విమర్శలో దాని అర్థాన్ని సందర్భమే నిర్ణయించాలి. నిఘంటువులూ పదసూచికలూ ఈ రెండింటినీ వేర్వేరు ఆరోపాలుగా నమోదు చేయకపోతే, ఒక సాహిత్యోద్యమ ప్రస్తావన కావ్యదోష చర్చగా లెక్కకెక్కే ప్రమాదం ఉంది.